స్పేర్ కాయిల్ సర్దుకున్నాం, నోటుబుక్కు మర్చిపోయాం

సంక్రాంతికి తిరుపతి వచ్చిన ప్రతిసారీ మా కాలేజీ బ్యాచిలో ఎవడో ఒకడికి ఏదో ఒక కొత్త పిచ్చి పట్టుకుని ఉంటుంది. ఒక ఏడు సైకిళ్ళు, ఒక ఏడు డ్రోను. రెండేళ్ళ కిందట మెటల్ డిటెక్టర్. అమెరికాలో నాలుగేళ్ళుండి వచ్చినవాడు సూట్‌కేసులో పెట్టి తెచ్చాడు. సామాను సర్దే పని నాకు అప్పగించారు. ఆఫీసులో నా ఉద్యోగం కూడా దాదాపు అదే, ఏది చెడిపోతే దాని బదులు ఏది పనిచెయ్యాలో ముందే ఆలోచించి పెట్టడం. రెండు సెట్ల బ్యాటరీలు, పవర్‌బ్యాంకు, ఇంకో కాయిల్, కాయిల్‌ని కడ్డీకి బిగించే ప్లాస్టిక్ బోల్టులు నాలుగు (ఖరీదైన మెషీన్‌ని మూలన పడేసేది ఈ ముష్టి బోల్టే), వైరు తెగితే పనికొచ్చేట్టు ఇంకో హెడ్‌ఫోన్స్, గుంతలో చెయ్యి పెట్టి వెతికే పిన్‌పాయింటర్, రెండు చేతిపారలు, ఇన్సులేషన్ టేపు. కొండల్లో షాపులుండవు కదా. ఆ బ్యాగు చూసుకుని నేను నిజంగానే గర్వపడ్డాను.

ఈ వ్యాసం ఆ బ్యాగు మీద.

చంద్రగిరి దాటి, భాకరాపేట ఘాటుకి ఇవతల, మావాడి మేనమామ పొలం. పక్కన ఎండిన చెరువు. మా నేలలో ఇనుము ఎక్కువ, మట్టి ఎర్రగా ఉండేది అందుకే. డిటెక్టర్ ఊరికే కూస్తుంది. అందుకని ఇనుముని వినకుండా సెట్టింగ్ మార్చాం. మధ్యాహ్నానికి బీరు మూతలు, గొలుసు ముక్క, ఎవరిదో పట్టీ మువ్వ. తర్వాత ఒక గట్టి కూత. తవ్వితే అరిగిపోయిన చిన్న రాగి నాణెం. కేకలు, సెల్ఫీలు. దాన్ని స్పేర్ బ్యాటరీల సంచిలో పడేసి గుంత పూడ్చేశాం. అప్పటికి కట్ట మీద పదిమంది చేరారు. ఒక పెద్దాయన, "ఏం నాయినా, యాడోళ్ళు మీరు? నిధి కోసరం తవ్వతా ఉండారా?" అని అడిగాడు. మేనమామ పేరు చెప్పగానే, "ఓ, ఆయప్ప పిల్లోళ్ళా" అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. పసుపు, నిమ్మకాయలు, గడ్డపార పట్టుకుని గుడి వెనకాల దొరికినవాళ్ళని 'గుప్తనిధుల ముఠా' అంటాం. మొహానికి ముసుగేసి నిలబెట్టిన ఫోటో జిల్లా పేజీలో వస్తుంది. అదే పని జీన్స్ ప్యాంటు వేసుకుని, దిగుమతి మెషీన్‌తో, స్పేర్ పార్టులతో చేస్తే దాని పేరు హాబీ. నేల దృష్టిలో ఇద్దరికీ తేడా లేదు. వాళ్ళు దేవుణ్ణి నమ్ముకుని తవ్వుతారు, మేం లిథియం బ్యాటరీని నమ్ముకుని తవ్వాం, అంతే. ఆ మాటకొస్తే సర్కారేం తక్కువ తినలేదు. 2017 చివర్లో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో నిధి ఉందని ప్రభుత్వ అనుమతితోనే తవ్వించారు. నిధీ లేదు, గిధీ లేదు.

తిరుపతిలో ఈ విషయాలు తెలిసిన ఒక పెద్దాయన దగ్గరికి నాణెం తీసుకెళ్ళాను. ఆయన దాన్ని చూడకముందే అడిగారు: ఎంత లోతులో దొరికింది? మట్టి రంగు ఏమిటి? పక్కన కుండపెంకులేమైనా ఉన్నాయా? ఫోటో తీశారా, నాణేనిది కాదు, గుంతది? నా దగ్గర ఉన్నవి నాలుగు సెల్ఫీలు. "అయితే ఇది రాగి ముక్క నాయనా" అని చేతిలో పెట్టేశారు.

రెండు స్పేర్లు పెట్టుకున్నవాణ్ణి, ఒక్క నోటుబుక్కు పెట్టుకోలేదు. ఇది మతిమరుపు కాదు. ఇంగ్లీషు సైట్లలో చూసి నేను తయారుచేసిన జాబితా మొత్తం 'తవ్వడం ఆగకూడదు' అన్న ఒక్క భయం చుట్టూ అల్లింది. తవ్వడం ఎక్కడ ఆపాలి అన్న ప్రశ్నకి అందులో చోటే లేదు.

గుడిమల్లం తీసుకోండి. తిరుపతి నుంచి గంట దారి లేదు. 1911లో టి.ఎ. గోపీనాథరావు లోకం దృష్టికి తెచ్చిన ఆ లింగం క్రీస్తుపూర్వానిదా, తర్వాతిదా అని ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదనకి ఒక ఆధారం 1973-74లో ఐ. కార్తికేయశర్మ గర్భగుడిలో జరిపిన తవ్వకం. అక్కడ బయటపడ్డవి పాత ఇటుకల కట్టడం ఆనవాళ్ళు, నలుపు-ఎరుపు కుండపెంకులు. మా మెషీన్ ఆ రాయి మీదా, ఆ ఇటుకల మీదా రోజంతా తిప్పినా కూత పెట్టదు. చిత్తూరు పల్లెల్లో జనం పాండవుల గుళ్ళు అని పిలిచే రాతి సమాధుల సంగతి ఇంకా విడ్డూరం. అవి ఇనుపయుగానివి. అలాంటి చోట్ల చరిత్ర చెప్పే లోహమంటే ముఖ్యంగా ఇనుమే. మేం చేసిన మొదటి పని, ఇనుముని వినొద్దని మెషీన్‌కి చెప్పడం.

"బయటి దేశాల్లో అందరూ చేస్తారు కదరా" అంటాడు మావాడు. నిజమే. ఇంగ్లండులో 2009లో స్టాఫర్డ్‌షైర్ నిధి దొరికింది ఒక డిటెక్టర్ హాబీవాలాకే. కానీ అక్కడ 1996లో చట్టం చేశారు, 1997 నుంచి మామూలు జనానికి దొరికినవి నమోదు చేసుకునే పథకం నడుపుతున్నారు. పది లక్షలకు పైగా వస్తువులు, దొరికిన చోటుతో సహా, అందులోకి ఎక్కాయి. మావాడు మెషీన్‌ని దిగుమతి చేసుకున్నాడు, ఆ రిజిస్టర్ని చేసుకోలేదు.

మనకీ చట్టం ఉంది, 1878 నాటిది. నేలలో దాగి ఉండి దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే (అవును, మూల చట్టంలో పదే) ఏం దొరికింది, ఎక్కడ, ఎప్పుడు అని కలెక్టరుకు రాసివ్వాలి. సొంతదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేకపోతే, దొరికినవాడికి మూడొంతులు, భూమి యజమానికి ఒక వంతు. దాచిపెడితే జైలు. ఈ 'మూడొంతులు' సంగతి నాగలికి బిందె తగిలిన రైతుకి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు కాబట్టే ఆ బిందె రాత్రికి రాత్రి కంసాలి కొలిమిలోకి పోతుంది. ప్రభుత్వం మీద నా కోపం ఇక్కడ. పట్టుకోవడానికి పోలీసులున్నారు, పుచ్చుకుని రాసుకోవడానికి మండలానికి ఒక మనిషి లేడు.

"మనం తియ్యకపోతే ఇంకెవడో తీస్తాడు" అన్నది రెండో వాదన. దీనికి నా జవాబు కోటిలింగాల. గోదావరి ఒడ్డున ఆ ఊళ్ళో దొరికిన నాణేలను నరహరిశర్మ ఏరి భద్రం చేశాడు, పరబ్రహ్మశాస్త్రి చేతికి అందించాడు. గోబద, నారన లాంటి, అంతకుముందు ఎవరూ వినని పేర్లు చరిత్రలోకి వచ్చాయి. సిముక శాతవాహనుడి నాణేలూ దొరికాయి. అవి ఫలానా ఊరివని తెలుసు కాబట్టే శాతవాహనుల తొలి రోజుల గురించి తెలంగాణ వైపు తిరిగి చూడాల్సి వచ్చింది. ఇంకెవడో తీస్తాడని వాటిని జేబులో వేసుకుని ఉంటే, ఈపాటికి ఏ నాణేల వ్యాపారి ఆల్బమ్‌లోనో ఊరూ పేరూ లేకుండా పడి ఉండేవి.

మా ఊళ్ళోనే ఇంకో రకం బ్యాగు సర్దిన మనిషి ఉన్నాడు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి. తిరుమల తిరుపతి దేవస్థానం శాసనాలను వెయ్యికి పైగా పరిశీలించి 1930లో నివేదిక అచ్చు వేశారు. శాసనం నకలు తియ్యడానికి కావలసింది తడి కాగితం, బ్రష్షు, సిరా. కాగితం రాతి మీద పరిచి, తట్టి, సిరా అద్ది, మెల్లగా తీసుకుంటే అక్షరాలు మనతో వస్తాయి, రాయి ఉన్నచోటే ఉంటుంది. కాగితం చిరిగితే ఇంకో కాగితం. స్పేర్ అంటే అదీ. గుంతకి స్పేర్ ఉండదు. ఒకసారి కలిపేసిన మట్టి పొరలకి బ్యాకప్ లేదు, నా వృత్తిలో వాళ్ళకి ఇంతకంటే విడమర్చి చెప్పక్కర్లేదు.

అందుకే నా మాట: దొరికినది రాసుకునే ఏర్పాటు ఇక్కడ వచ్చేదాకా ఆ మెషీన్లు అటక మీదే ఉండాలి. హాబీ కావాలంటే కెమెరా తీసుకుని పాత గుళ్ళ గోడలు చదవండి. చూసేవాడు లేక సున్నం కింద పోతున్న శాసనాలు కావలసినన్ని.

నెల తర్వాత కలెక్టర్ గారి పేరిట ఉత్తరం రాశాను. నాణెం విలువ పది రూపాయలు దాటుతుందో లేదో తెలియదు, అయినా రాశాను. ఎక్కడ దొరికింది అన్నచోట 'చెరువుకు పడమర, సుమారుగా' అని రాయాల్సి వచ్చింది. జవాబు ఇంకా రాలేదు. నాణెం కవర్లో ఉంది, కవరు మీద కూడా ఆ 'సుమారుగా' ఉంది.

మొన్న మావాడు ఫోన్ చేసి, ఈ సంక్రాంతికి తలకోన వైపు పోదాం, స్పేర్ కాయిల్ నీ దగ్గరే ఉంది కదా అన్నాడు. ఉంది, ఇవ్వను అన్నాను. వాడు నవ్వి ఇంకోటి ఆర్డర్ పెట్టాడు.