నా మాటే చెల్లితే

నా అభిప్రాయాల్లో ఒక్కదాన్ని రేపు తెల్లారేసరికి లోకమంతా సరైనదని ఒప్పుకుంటుందనుకుందాం. దేనిని ఎంచుకోవాలి? దేవుడు లేడన్నదాన్ని కాదు. ఆ తగువు తీరిగ్గా తేల్చుకోవచ్చు. మంచి ఘడియ, చెడ్డ ఘడియ అంటూ లేవన్న చిన్న మాటను ఎంచుకుంటాను.

ఆ చిన్న మాట చెల్లితే మొదట మార్పు కనిపించాల్సింది ఆపరేషన్ థియేటర్లలో. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద ఆ లెక్క 21.5. ఇందులో ప్రైవేటు ఆస్పత్రుల లాభాపేక్ష ఉంది, నొప్పుల భయం ఉంది. వాటితోపాటు, అయ్యవారితో ముహూర్తం పెట్టించుకొచ్చి ఫలానా గంటకే బిడ్డను తీయమని డాక్టరు మీద ఒత్తిడి తెచ్చే కుటుంబాలూ ఉన్నాయి. 39 వారాలు నిండకముందే, అవసరం లేకుండా ఆపరేషన్ చేసి తీస్తే బిడ్డకు శ్వాస ఇబ్బందులు వచ్చే అవకాశం పెరుగుతుంది. తల్లికి తర్వాతి కాన్పుల్లో మాయ సమస్యల ముప్పు ఉంటుంది. పంచాంగం ఈ లెక్కలేవీ చూడదు.

ఇంతా చేస్తే దక్కేదేమిటి? మన దేశంలో నిమిషానికి నలభైమందికి పైగా పుడుతున్నారు. ఘడియ అంటే 24 నిమిషాలు. అంటే ఏ శుభఘడియలోనైనా వెయ్యిమంది దాకా పుడతారు. వాళ్ళందరూ కలెక్టర్లు కావడం లేదు.

ఇది నా ఒక్కడి ఊహ కాదు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ 2008లో మహారాష్ట్రలో ఒక పరీక్ష పెట్టారు. చదువులో మెరికల్లాంటి వందమంది పిల్లల జాతకాలను, మానసిక వైకల్యం ఉన్న వందమంది పిల్లల జాతకాలతో కలిపేశారు. జ్యోతిష్కులకు తలా నలభై జాతకాలిచ్చి, ఏది ఎవరిదో చెప్పమన్నారు. 27 మంది జవాబులు పంపారు. సగటున సరిపోయినవి నూటికి 46. బొమ్మా బొరుసూ వేసినా సగం సరిపోయేవి.

ఆ పరీక్షలో నూటికి 80 సరిపోయి ఉంటే నా అభిప్రాయాన్ని నేను మార్చుకోవలసి వచ్చేది. దానికి ఆ షరతు ఉంది. ముహూర్తానికి లేదు. కాపురం నిలిస్తే లగ్నబలం అంటారు. విడిపోతే పుట్టిన వేళ సరిగ్గా రాయలేదంటారు, అదీ కుదరకపోతే పూర్వజన్మ కర్మ. ఎటు పడ్డా గెలిచే మాటకు రుజువుతో పనేముంది? నా మాటను కూడా అలాగే, ఏ రుజువూ అడక్కుండా జనం తలూపి ఒప్పుకుంటే, నేను వాళ్ళ చేతిలో పెట్టింది మరో పంచాంగమే.

తమ మాటొక్కటే చెల్లాలనే పట్టుదల ఎంతదూరం పోతుందో మనం చూశాం. నార్లీకర్‌తో కలిసి ఆ పరీక్ష నిర్వహించినవారిలో ఒకరైన, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణేలో కాల్చి చంపారు.

కాబట్టి లోకమంతా నాతో ఏకీభవించాలన్న కోరికను వదులుకుంటున్నాను. మీ ఇంట కాన్పు ఉంటే తారీఖును డాక్టరునే చెప్పనివ్వండి. ముహూర్తం పెట్టే పెద్దమనిషిని మాత్రం ఒక్క ప్రశ్న అడగండి: "అయ్యా, ఏం జరిగితే మీ మాట తప్పని ఒప్పుకుంటారు?" జవాబు రాకపోతే దక్షిణ మీ జేబులోనే ఉంచుకోండి. నన్నూ అదే ప్రశ్న అడగండి.