మందుల బిల్లు మనది, సీఎస్ఆర్ సొమ్ము ఏ ఊరిది?

2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయి 11 మంది కోవిడ్ పేషెంట్లు చనిపోయారని అధికారులు ప్రకటించారు. తమిళనాడు నుంచి రావాల్సిన ట్యాంకర్ ఆలస్యమైంది. ఇది మన జిల్లాల్లో అందరికీ గుర్తుంది. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. దానికి ఐదు రోజుల ముందే, మే 5న, కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఆక్సిజన్ ప్లాంట్లు, కాన్సంట్రేటర్లు, సిలిండర్ల మీద కంపెనీలు పెట్టే ఖర్చును సీఎస్ఆర్ కింద చూపించుకోవచ్చని అందులో చెప్పింది.

ఐదు రోజుల్లో ప్లాంటు లేవదు, ఆ మాట నిజమే. కానీ సీఎస్ఆర్ చట్టం అమల్లోకి వచ్చింది 2014 ఏప్రిల్ 1న. ఆరోగ్యం మొదటి రోజు నుంచీ ఆ జాబితాలో ఉంది. ఏడేళ్ల టైం ఉండింది.

అసలు లెక్క ఏంటో చూద్దాం. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135. నెట్‌వర్త్ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. సగటు లాభం 100 కోట్లు ఉంటే 2 కోట్లు అన్నమాట. మన ఇళ్లలో జకాత్ లెక్క తెలిసినవాళ్లకి ఇది తొందరగా అర్థమవుతుంది, తేడా కూడా కనిపిస్తుంది. జకాత్ ఏడాది నిలిచిన సంపద మీద రెండున్నర శాతం, సీఎస్ఆర్ లాభం మీద మాత్రమే. నష్టాలే ఉంటే కట్టాల్సింది సున్నా.

ఫార్మా విషయంలో మన దగ్గర చిక్కు వేరే ఉంది. ఫ్యాక్టరీ నడిచే ప్రాంతానికి, దాని చుట్టుపక్కలకి ప్రాధాన్యం ఇవ్వాలని అదే సెక్షన్ చెబుతుంది. తెలుగు రాష్ట్రాల మందుల ఫ్యాక్టరీలు ఎక్కువగా హైదరాబాద్ చుట్టూ, విశాఖ పక్కన పరవాడ వైపు ఉన్నాయి. చిత్తూరు, పలమనేరు జనం షుగర్‌కీ బీపీకీ నెలనెలా మందులు కొంటారు గానీ ఫ్యాక్టరీ వాళ్ల ఊళ్లో ఉండదు. లాభం మన జేబు నుంచి కూడా వెళ్తుంది, ప్రాధాన్యం మాత్రం మనకి రాదు. చట్టం కొనేవాళ్లని చూడదు, ఫ్యాక్టరీ గోడని చూస్తుంది. నాకైతే ఇది చట్టంలోనే ఉన్న లోపం అనిపిస్తుంది.

మరి మన జిల్లాలో ఫార్మానే లేదా? ఉంది. నాయుడుపేట మండలం మేనకూరు సెజ్‌లో అరబిందో గ్రూపుకి చెందిన ఏపీఎల్ హెల్త్‌కేర్ ప్లాంటు ఉంది. అది ఒకప్పుడు నెల్లూరు జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో తిరుపతి కిందికి వచ్చింది. అయితే 'స్థానిక ప్రాంతం' అంటే ఊరా, మండలమా, జిల్లానా అన్నది చట్టం ఎక్కడా చెప్పలేదు. పైగా 2021 ఆగస్టు 25న ఇచ్చిన వివరణలో, స్థానిక ప్రాధాన్యం సూచన మాత్రమే, తప్పనిసరి కాదని కేంద్రమే తేల్చేసింది. కంపెనీలను జాతీయ ప్రాధాన్యాలనూ చూసుకోమంది. కేంద్రం వెనుకబడినవని గుర్తించిన ఆకాంక్షిత జిల్లాల జాబితాలో రాయలసీమ నుంచి కడప ఉంది, చిత్తూరు లేదు. అంటే ఆ దారిలోనూ మన పేరు రాదు.

ఇంకో దారి యజమాని సొంత ప్రాంతం. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో నాట్కో క్యాన్సర్ సెంటర్ కట్టింది. ఆ కంపెనీ వ్యవస్థాపకుడు గుంటూరు జిల్లావాడు. మన వైపు కరకంబాడి, పేటమిట్టల్లో అమరరాజా పనులు కనిపిస్తాయి, అదీ ఇదే లెక్క. కాకపోతే అది బ్యాటరీల కంపెనీ. తిరుపతిలో స్వీకార్ క్యాన్సర్ ఆసుపత్రి వచ్చింది టాటా ట్రస్ట్స్, టీటీడీ వల్ల. మందుల కంపెనీల వల్ల కాదు.

ఫార్మా సీఎస్ఆర్‌లో జనం మోసపోకుండా చూసుకోవాల్సిన చోటు ఒకటుంది. కంపెనీ తన సొంత మందులు పంచేసి, వాటికి రేటు కట్టి సీఎస్ఆర్‌లో రాసుకోకూడదు. వస్తు రూపంలో ఇచ్చింది డబ్బుగా చూపించడం చెల్లదని 2021 వివరణలోనే ఉంది. వ్యాపారంలో భాగంగా చేసే పని కూడా లెక్కలోకి రాదు. మీ వీధిలో కంపెనీ బ్యానర్‌తో ఉచిత షుగర్ టెస్ట్ క్యాంపు పెట్టి, చివర్లో ఫలానా బ్రాండ్ మాత్రలే వాడమని చీటీ ఇస్తే, అది సేవ కాదు, మార్కెటింగ్. టెస్ట్ చేయించుకోవడంలో తప్పు లేదు, చీటీ మాత్రం మీ డాక్టర్‌కి చూపించి అడగండి.

ఖర్చు పెట్టని సొమ్ము ఏమవుతుంది? కొనసాగుతున్న ప్రాజెక్టుదైతే 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేసి మూడేళ్లలో వాడాలి. కాకపోతే ఆరు నెలల్లో పీఎం సహాయ నిధి లాంటి షెడ్యూల్ 7 ఫండ్లకి పంపాలి. అంటే ఇక్కడ అడిగేవాళ్లు లేకపోతే అది ఢిల్లీకి పోతుంది.

అడగడంలోనే మనవాళ్లు వెనకబడ్డారు. అంబులెన్స్ నడిపే కమిటీలు, రక్తదానం గ్రూపులు, ఉచిత మందులిచ్చే క్లినిక్‌లు మన బస్తీల్లో ఉన్నాయి. కానీ వాటికి కాగితాలు ఉండవు. సీఎస్ఆర్ సొమ్ము తీసుకోవాలంటే రిజిస్టర్డ్ ట్రస్టో సొసైటీనో సెక్షన్ 8 కంపెనీనో అయి ఉండాలి. ఆదాయపు పన్ను శాఖ దగ్గర, జనం 12ఏ, 80జీ అని పిలిచే రెండు నమోదులు కావాలి. మామూలుగా మూడేళ్ల పని రికార్డు చూపించాలి. 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 ఫారం కూడా తప్పనిసరి, దాన్ని చార్టర్డ్ అకౌంటెంట్ లాంటి ప్రొఫెషనల్ ధ్రువీకరించాలి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ట్రస్ట్ డీడ్‌లో 'ముస్లింల కోసం' అని రాసుకుంటే 80జీ దగ్గరే ఆగిపోతుంది. ఒక మతానికో కులానికో పరిమితమైన సంస్థకి అది ఇవ్వరు. మన క్లినిక్‌లకి వచ్చేవాళ్లలో అన్ని వర్గాల పేదలూ ఉంటారు, అదే డీడ్‌లో రాసుకోవచ్చు కదా. కొత్తగా పెట్టేవాళ్లు డీడ్ రాయించేటప్పుడే ఈ సంగతి చూసుకోవాలి, తర్వాత మార్చడం పెద్ద తలనొప్పి.

ఏ కంపెనీ ఏ జిల్లాలో ఎంత పెట్టిందో కేంద్రం సీఎస్ఆర్ పోర్టల్‌లో చూడొచ్చు. బోర్డు ఆమోదించిన ప్రాజెక్టులను కంపెనీ తన వెబ్‌సైట్‌లో పెట్టాలన్నది రూలే. కంపెనీలకి లెక్క ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి, డయాలసిస్ మిషనో అంబులెన్సో అడిగే అర్జీ జనవరి, ఫిబ్రవరిలోనే వాళ్ల సీఎస్ఆర్ కమిటీకి చేరితే మంచిది.