ఉప్పునీటి చేపకు ముందు వేరుతొట్టె

చెన్నపట్టణమున తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో కొందరు యువకులు ఈనడుమ సముద్రపు చేపలను గాజుతొట్టెలలో పెంచుచున్నారు. వేడుక మంచిదే. కాని చేప మేనిపై నొక తెల్లచుక్క కన్పడగానే మందుసీసా తెచ్చి తొట్టెలో కుమ్మరించు అలవాటు మాకు నచ్చలేదు. ఆ సీసాకు పెట్టు సొమ్మును మొదట వేరొక తొట్టెకు పెట్టవలెనని మా అభిప్రాయము.

కొళత్తూరు అలంకారపు చేపల వర్తకమునకు పేరుగాంచిన తావు. అచ్చటి వ్యాపారమున అధికభాగము మంచినీటి చేపలదే. మంచినీటి చేపకు తెల్లచుక్కలు లేచినచో నీటిని కొంచెము వేడిచేసి ఉప్పు వేయుట పాతచిట్కా. దానినే మనవారు సముద్రపు చేపకును ప్రయోగించుచున్నారు. ఉప్పునీటనే పుట్టి పెరిగిన పురుగును చిటికెడుప్పు ఏమి చేయగలదు? ఇది క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అను వేరు పరాన్నజీవి.

దీని నడక తెలిసినగాని మోసము తెలియదు. ఇది చేప చర్మమునను మొప్పలందును దూరి, 3 మొదలు 7 దినములు తిని బలిసి, తనంతట తానే రాలిపోవును. చేప మేను శుభ్రమైనట్లుండును. మందు పనిచేసినదని యజమాని సంతోషించును. రెండవ సీసా అమ్ముడుపోవుటకు ఆ సంతోషమే కారణము. రాలిన జీవి ఇసుకలోను రాళ్లపైనను గుల్ల కట్టుకొని, లోపల వందలకొలది పిల్లలుగా విడివడును. అవి సాధారణముగా నాలుగు వారములలోపల వెలువడును. 72 దినములు దాగియున్నవియు పరిశోధకుల కంటబడినవి. విశాలమైన సముద్రమున ఆ పిల్లలకు చేప దొరకుట దుర్లభము. తొట్టెలోని చేప ఎచ్చటికి పారిపోగలదు? మొదట పదిచుక్కలు కన్పడిన చేపకు రెండవసారి మేనెల్ల చుక్కలే.

అన్ని తెగుళ్లు నొక్కటి కావు. పసిడిపొడి చల్లినట్లు సన్నని దుమ్ము కన్పడి, చేప వడివడిగా మొప్పలాడించినచో అమిలూడినియం అని అనుమానింపవలెను. అది కొలదిదినములలో ప్రాణము తీయును. పొడి కన్పడకముందే చేప చచ్చుటయు కలదు. కన్నులు మసకబారి, చేప రాళ్లకు ఒరసికొనుచున్నచో బల్లపరుపు పురుగులు పట్టియుండవచ్చును. తొట్టెనీటికి సమానమైన వెచ్చదనము గల మంచినీటిలో 5 నిమిషములు ముంచినచో అవి తెల్లబడి రాలును. ప్రాజిక్వాంటెల్ అను మందు వానికి పనిచేయును. క్రిప్టోకారియానుకు ఆ స్నానము చాలదు. చేపలను శుభ్రపరచు రొయ్యను కొనివేసిన చాలునని చెప్పువారును కలరు. రొయ్య చూచుటకు ముచ్చటగా నుండును, అంతమాత్రమే.

రాగి నిజమైన మందే. మైలుతుత్తమును మన పెద్దలెరుగుదురు. లీటరు నీటికి 0.15 నుండి 0.20 మిల్లీగ్రాముల రాగి మూడు వారములు తగ్గకుండ నిలువవలెను. కొన్ని తయారీ మందులకు మోతాదు వేరు గనుక సీసాపై వ్రాత చదువవలెను. తగ్గిన పురుగు చావదు, మించిన చేప చచ్చును. కొలుచు సాధనము లేనివారు దీని జోలికి పోరాదు. పగడములు, రొయ్యలు, నత్తలు ఉన్న తొట్టెలో రాగి వేసినచో వానికి చావే. ఇసుకయు రాయియు రాగిని పీల్చి మోతాదును చెరచును. వేరుతొట్టె కావలసినది ఇందులకే.

దానికి 80 లీటర్ల గాజుపెట్టె, స్పంజి వడపోత, హీటరు, చేప దాగుటకొక ప్లాస్టిక్ గొట్టపుముక్క చాలును. ఇసుక వద్దు. కొత్తచేపను నాలుగు వారములైనను అందుంచి చూడవలెను. పెద్దతొట్టెకే తెగులు సోకియున్నచో, చేపలన్నిటిని తీసి 76 దినములు దానిని చేపలు లేక విడువవలెను. వెలువడిన పిల్లలు చేప దొరకక ఒకటి రెండు దినములలో నశించును.

మేము వర్తకులము, వర్తకుని పక్షమున మాటాడుట మాకు సహజము. అయినను, చేప ఏ దినమున వచ్చినదో, దానికేమి మందు వేసిరో చెప్పక అమ్ముట న్యాయము కాదు. అట్లే, కొన్నివారములు వేరుగా నుంచి మేపి అమ్మువాడు హెచ్చువెల చెప్పినచో కొనువారు గొణగరాదు. మండపమునందలి కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు క్లౌన్ చేపలను తొట్టెలలోనే పిల్లలు పెట్టించు విధానమును సాధించిరి. పగడపుదిబ్బలనుండి పట్టితెచ్చిన చేపకన్న అట్టి చేప దొరకునేమో మొదట విచారింపవలెను.

ఇంటికొక వేరుతొట్టె భారమనువారు ఇరుగుపొరుగున రెండు మూడు కుటుంబములు కలిసి ఒకదానిని వంతులవారీగా వాడుకొనవచ్చును. ఒకరి వంతు ముగియగనే తొట్టెను, వడపోతను కడిగి, తడి లేకుండ ఎండబెట్టి మరియొకరికీయవలెను. తడివలను, తడిబకెట్టును మాత్రము అరువడుగరాదు, అరువీయరాదు.