తిరిగితే చెడతామా?

"తిరిగి చెడింది ఆడది, తిరక్క చెడ్డాడు మగాడు" అని మనకో సామెత ఉంది. ఏ మహానుభావుడు పుట్టించాడో గాని, పుట్టించింది ఆడది మాత్రం అయివుండదు. తిరిగితే చెడేదేమిటో నాకింతవరకూ అంతుపట్టలేదు. తిరగకుండా ఇంట్లో కూచుంటే చెడేవి మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పగలను. ఆరోగ్యం, చదువు, చేతిలో డబ్బు, అన్నిటికంటే ముఖ్యం, నలుగురిలో నోరు విప్పే ధైర్యం.

ఈమధ్య ఈ సామెతకి మళ్ళీ గిరాకీ పెరిగింది. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో "స్త్రీ శక్తి" పేరుతో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఏదైనా సరే. ఆంధ్రప్రదేశ్‌లో ఉండే ఆడపిల్లలూ, స్త్రీలూ, ట్రాన్స్‌జెండర్లూ గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టిక్కెట్టు కొట్టి చేతిలో పెడతాడు. మనమేం ముందు కాదు. ఢిల్లీలో 2019లో, తమిళనాడులో 2021లో, కర్ణాటకలోనూ తెలంగాణలోనూ 2023లో ఈ పని చేశారు.

ఇక చూడండి! మా జగ్గయ్యపేట, నందిగామ వైపు (ఒకప్పుడు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా) టీ కొట్ల దగ్గర కూచున్నవాళ్ళకి మంచి కాలక్షేపం దొరికింది. "ఇంక ఆడవాళ్ళు ఇంటిపట్టున ఉంటారంటారా?" "వంకాయలు కొనడానిక్కూడా బెజవాడ పోతారండీ!" పొద్దున ఆరింటికి టీ కొట్టు దగ్గర కూచుని పదింటిదాకా లేవని మనిషి ఈ మాట అంటుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆయనది లోకజ్ఞానం. బస్సెక్కిన ఆవిడది తిరుగుడు!

సరే, ఆయన మాటే నిజమనుకుందాం. వంకాయల కోసమే బెజవాడ వెళ్ళిందనుకోండి. వెళ్తే ఏం? పాతికేళ్ళుగా అదే వంటగదిలో అదే కిటికీలోంచి అదే గోడ చూసిన మనిషి, ఓ పూట కృష్ణ ఒడ్డున నిలబడి వస్తే ఎవరి సొమ్ము పోయింది? "మా సొమ్మే, పన్నులు కడుతున్నాం" అంటారు. కట్టండి, మేమూ కడుతున్నాం. కొన్న సబ్బుబిళ్ళ మీద ఆడవాళ్ళకి పన్ను మినహాయింపు ఉందని నేనెక్కడా వినలేదు.

అసలు "ఉచితం" అనే మాట సంగతి తేల్చుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2024లో, మన జనం రోజులో ఏ పనికి ఎంతసేపు ఖర్చుపెడుతున్నారో సర్వే చేయించింది. జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. చేసే మగవాళ్ళు, గుర్తుంచుకోండి, చేసేవాళ్ళ లెక్కే ఇది, 88 నిమిషాలు పెడుతున్నారు. అయిదు గంటలకి పదకొండు నిమిషాలు తక్కువ మనవి, గంటన్నరకి రెండు నిమిషాలు తక్కువ వాళ్ళవి. ఆ అయిదు గంటల చాకిరీని ఏనాడైనా ఎవరైనా "ఉచితం" అన్నారా? "ధర్మం" అన్నారు. బస్సు టిక్కెట్టు దగ్గరికొచ్చేసరికి "ఉచితం" గుర్తొచ్చింది.

పొలం పంపుసెట్టుకి 2004 నుంచి కరెంటు ఉచితం. దానివల్ల రైతు సోమరి అయిపోయాడని ఎవరూ అనరు. అనకూడదు కూడా. నీళ్ళు లేకపోతే చేను ఎండిపోతుందని అందరికీ తెలుసు. కదలిక లేకపోతే మనిషీ ఎండిపోతుందని ఎప్పుడు తెలుసుకుంటారు?

అన్నట్టు ఈ గోలలో ఒక్కరి బాధ మాత్రం న్యాయమైనది. ఆటో తోలుకునేవాళ్ళది. ఎక్కేవాళ్ళు తగ్గితే వాళ్ళింట్లో పొయ్యి వెలగదు. ఆ ఇంట్లోనూ ఆడవాళ్ళున్నారు. ప్రభుత్వం 2025 అక్టోబరులో డ్రైవర్లకి 15,000 రూపాయల చొప్పున సాయం మొదలుపెట్టింది. ఒకరికి మేలు చేస్తూ ఇంకొకరిని వీధిన పడెయ్యకూడదన్నదే న్యాయం. కాబట్టి అది ఒక ఏటితో సరిపెట్టే మాట కాకూడదు.

ఇంతకీ బస్సుల్లో వెళ్తున్నదెవరు? ఓసారి నందిగామలో ఎక్కి వెనక సీటులో కూచుని చూడండి. మిరపకాయలు కొయ్యడానికీ, పత్తి తియ్యడానికీ పోయే కూలీలు. పట్నంలో నాలుగిళ్ళలో పాచిపని చేసుకునే ఆవిడ. ఇంటరు చదివే పిల్లలు. పొదుపు సంఘం పుస్తకం పట్టుకుని బ్యాంకుకి పోయే పెద్దావిడ. మోకాళ్ళ నొప్పులకి సర్కారు ఆసుపత్రిలో చూపించుకోవాలని రెండేళ్ళుగా అనుకుంటూ, ఛార్జీలకి వెనకాడుతూ, ఇప్పటికి బయల్దేరిన అవ్వ. వీళ్ళలో వంకాయల కోసం వెళ్ళేది ఎవరో మీరే పోల్చి చెప్పండి.

మన మధ్యతరగతి ఇళ్ళ సంగతీ చెప్పుకుందాం. "మాకేం, ఛార్జీలకి డబ్బుల్లేకనా?" అంటాం. డబ్బు ఉంది. ఎవరి చొక్కా జేబులో ఉంది? మా బంధువుల్లో ఒకావిడ ఉంది. ఇల్లూ వాకిలీ, మేడా అన్నీ ఉన్నాయి. అక్కని చూడ్డానికి పక్క ఊరు వెళ్ళాలంటే ఆయన్ని ముందురోజు రాత్రి అన్నం వడ్డించేటప్పుడు అడగాలి. "మొన్ననేగా వెళ్ళావు?" అంటాడాయన. మొన్న అంటే సంక్రాంతికి. ఆయన చెడ్డవాడేమీ కాదు, ఆలోచించని మనిషి, అంతే. ఇప్పుడావిడ అడగడం మానేసింది, చెప్పి వెళ్తోంది. అడగడానికీ చెప్పడానికీ మధ్య ఎంత దూరముందో పెళ్ళయిన ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది. ఆ సున్నా టిక్కెట్టు అసలు విలువ అది.

కాని సున్నా టిక్కెట్టుతో రామరాజ్యం వచ్చేసిందని చప్పట్లు కొట్టడానికి నేనీ వ్యాసం రాయడం లేదు. బస్సెక్కడం వచ్చింది. దిగిన తరవాత మాటేమిటి?

మా వైపు ఎండలు మీకు తెలియనివి కావు. అంత ఎండలోనూ ప్రయాణం ఉందంటే పొద్దుటినుంచి మంచినీళ్ళు ముట్టని ఆడవాళ్ళు ఎంతమందో! ఉపవాసం కాదు, మొక్కు కాదు. తాగితే వెళ్ళాలి, వెళ్ళడానికి చోటు లేదు. ఒక చిన్న బస్టాండులో నేను చూశాను. మరుగుదొడ్డి ఉంది, తలుపుకి గడియ లేదు. గడియ ఉన్నచోట నీళ్ళుండవు. రెండూ ఉన్నచోట తాళం ఉంటుంది! మగవాళ్ళకేం, ఏ గోడైనా వాళ్ళదే. నీళ్ళు తాగక, మూత్రం బిగబట్టి, ఇన్‌ఫెక్షన్లు తెచ్చుకుని, కిడ్నీలో రాళ్ళు తెచ్చుకుని, ఛార్జీ మిగిలిందనుకున్న డబ్బు అంతకి పదింతలు డాక్టరు చేతిలో పోస్తున్నాం. నెలసరి రోజుల్లో ఆడపిల్ల పాట్లు నేను రాయక్కర్లేదు, మీరందరూ పడ్డవే. ఆరోగ్యమైన సమాజం కావాలని వేదికలెక్కి చెప్పేవాళ్ళు ముందు ఆ తలుపుకి గడియ పెట్టించండి.

ఇక్కడ మా ఊరి చరిత్ర కొంచెం చెబుతాను. జగ్గయ్యపేట అంటే వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు తండ్రి జగ్గయ్య పేరు పెట్టిన ఊరని చాలామందికి తెలుసు. అంతకుముందు అది బేతవోలు. ఆ ఊరి పక్క ధనంబోడు మీద పాత బౌద్ధస్తూపం ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో, అంటే సుమారు 1700 ఏళ్ళ కిందట, సిద్ధార్థుడనే చేతిపనివాడు అక్కడ అయిదు స్తంభాలు దానమిచ్చి శాసనం చెక్కించాడు. రాజూ కాదు, మంత్రీ కాదు, పనివాడు. ఆ శాసనంలో తన పేరొక్కటే రాసుకుని ఊరుకోలేదు. తల్లి పేరూ, భార్య పేరూ, కూతురి పేరూ, సోదరుడి కుటుంబం పేర్లూ రాయించాడు. నలుగురికీ చెందే చోట ఇంటి ఆడవాళ్ళ పేరు ఉండాలని ఆ పనివాడికి అప్పుడే తట్టింది.

మన కాలం దాతలో? ఊరి మొదట్లో స్వాగత తోరణం కట్టిస్తారు. దాని కిందనుంచి ఎవరూ నడవక్కర్లేకుండానే ఊళ్ళోకి రావచ్చు! విగ్రహం పెట్టిస్తారు, గాలిగోపురానికి రంగులేయిస్తారు. ఆడవాళ్ళకి ఒక శుభ్రమైన మరుగుదొడ్డి కట్టించి, దాన్ని కడిగే మనిషికి నెల నెలా జీతం ఏర్పాటు చేసి, "మా అమ్మగారి జ్ఞాపకార్థం" అని పలక వేయించిన దాతని నాకు చూపించండి, దణ్ణం పెడతాను. "ఛీ, దొడ్డి మీద అమ్మ పేరా?" అంటారు. ఆ అమ్మ బతికున్నన్నాళ్ళూ బిగబట్టుకునే ప్రయాణం చేసిందని మాత్రం గుర్తు రాదు.

రెండోది, చీకటి పడ్డాక బస్సు. ఆఖరి బస్సు పోతే పల్లెకి వెళ్ళేది ఆటోలోనో, ట్రాక్టరులోనో. 2020 జూన్‌లో వేదాద్రి దేవుణ్ణి చూసుకుని ట్రాక్టరులో తిరిగి వెళ్తున్న పొరుగు జిల్లా వాళ్ళని లారీ కొట్టి పదిమందికి పైగా పోయారు. మనుషులు ధాన్యం బస్తాల్లా ట్రాక్టర్లలో కూచుని ప్రయాణం చెయ్యాల్సి రావడమే తప్పు. టిక్కెట్టు ఉచితమై బస్సే లేకపోతే, పెళ్ళి భోజనానికి పిలిచి విస్తరి వెయ్యనట్టు.

మూడోది సరిహద్దు. జగ్గయ్యపేటనుంచి గరికపాడు దాటితే తెలంగాణ. కోదాడ గంటలోపు ప్రయాణం. నందిగామకి మధిర అంతే. 2014లో రాష్ట్రాలు విడిపోయాయి గాని వియ్యాలు విడిపోలేదు. కూతురు కోదాడలో, తల్లి జగ్గయ్యపేటలో. ఇద్దరికీ తమ తమ రాష్ట్రంలో ప్రయాణం ఉచితమే. ఒకరి దగ్గరికొకరు వెళ్ళడానికి మాత్రం కాదు! పురుడు పొయ్యడానికి వెళ్ళే తల్లి సరిహద్దు దగ్గర పరాయిదైపోతోంది. రెండు రాష్ట్రాల ఆర్టీసీలు కూచుని, ఎవరి బస్సులు అవతలి రాష్ట్రంలో ఎన్ని కిలోమీటర్లు తిరగాలో 2020 నవంబరులో ఒప్పందం చేసుకున్నాయి. కిలోమీటర్ల కోసం కూచున్నవాళ్ళు తల్లీ కూతుళ్ళ కోసం ఇంకోసారి కూచోలేరా? కనీసం సరిహద్దు పక్క ఊళ్ళ వరకైనా?

ఇన్ని అడిగి, మనల్ని మనం అడక్కపోతే అన్యాయం. "బస్సుల్లో ఒకటే రద్దీ, ఎక్కేటట్టే లేదు, మేం కారులోనే వెళ్తున్నాం" అనే మాట నేను టీ కొట్ల దగ్గర వినలేదు, మనలాంటి ఆడవాళ్ళ నోటే విన్నాను. ఆలోచించండి. మన పిల్లల బడి వేరు, వాళ్ళ పిల్లల బడి వేరు. మన ఆసుపత్రి వేరు, వాళ్ళది వేరు. తాగే నీళ్ళు కూడా మనవి డబ్బాల్లో వేరే వస్తున్నాయి. మిర్చి కూలీ మోచెయ్యీ, మేష్టారిగారి భార్య మోచెయ్యీ తగిలే చోటు ఇంక బస్సొక్కటే మిగిలింది. ఆర్టీసీ పుట్టిన 1958లో బస్సుల్ని ప్రభుత్వపరం చెయ్యబోతే మా కృష్ణా జిల్లా ప్రైవేటు బస్సుల యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. అంత తగువు పడి అందరిదీ అయిన బస్సునుంచి మనంతట మనమే దిగిపోతామా? లేనివాళ్ళే ఎక్కే బస్సుకి అద్దం పగిలితే పగిలినట్టే ఉంటుంది. చదువుకున్నావిడ, కాగితం మీద ఫిర్యాదు రాయగలిగినావిడ ఆ బస్సులో ఉంటే మర్నాటికి అద్దం వస్తుంది. అన్యాయమే, కాని మన దేశంలో పని జరిగే తీరు అది. ఆ పలుకుబడి ఉన్నవాళ్ళం దాన్ని కారులో పెట్టుకుని తిరుగుతున్నాం.

మంచి సమాజం ఎలా ఉంటుందని నన్నెవరైనా అడిగితే పెద్ద పెద్ద మాటలు చెప్పను. రాత్రి ఎనిమిదింటికి చిల్లకల్లు అడ్డరోడ్డు మీద ఒక ఆడపిల్ల ఒంటరిగా నిలబడి ఉంది. దీపం వెలుగుతోంది. దాహమైతే నీళ్ళు తాగింది. అవసరమైతే వెళ్ళొచ్చింది. బస్సొస్తుందని నమ్మకం ఉంది. "ఇంత రాత్రప్పుడు ఎక్కడ తిరుగుతున్నావు?" అని అడిగేవాడు లేడు. పక్కన ఎవరో పెద్దావిడ "ఏ ఊరమ్మా?" అని పలకరిస్తోంది. నా కోరిక ఇంతే. దీనికి చంద్రమండలం వెళ్ళే ఖర్చేమీ కాదు.

కాబట్టి అక్కల్లారా, చెల్లెళ్ళారా, వారానికి ఒక్కసారైనా బస్సెక్కండి. సీసా నిండా నీళ్ళు పట్టుకెళ్ళి తాగండి. దిగినచోట తలుపుకి గడియ లేకపోతే, పక్క సీటులో కూచున్న కూలీ మనిషి చేత కూడా సంతకమో వేలిముద్రో పెట్టించి, డిపో మేనేజరుకి కాగితం ఇచ్చి రండి. పని కాకపోతే మళ్ళీ వెళ్ళండి. తిరగండి. తిరిగి చెడేది మనం కాదు.