పాత కంప్యూటరే కదా అని పారేయవద్దు



వార్షికోత్సవంలో మనం వేసే నాటికలు, పాడే పాటలు, పెద్దలు చెప్పే మాటలు నేడు సెల్‌ఫోన్లలో 4కె వీడియోలుగా రికార్డవుతున్నాయి. ఏడాది తిరగకుండానే మెమరీ నిండిందని వాటిని మనమే చెరిపేస్తున్నాం. ఈ వీడియోలను హాస్టల్లోనే, మన చేతులతోనే ఎడిట్ చేసి దాచుకోవాలని మా అభిప్రాయం. దానికి కొత్త కంప్యూటర్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడనక్కరలేదు. మూలన పడి ఉన్న డెస్క్‌టాప్‌ను బాగుచేసుకుంటే చాలు.

"హాస్టల్ పిల్లలకు పాతదే చాలా?" అని కొందరు మిత్రులు అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానం పేరుతో పనికిరాని సామాను తెచ్చి మన గుమ్మంలో దించితే వద్దని చెప్పే హక్కు మనకుంది. అయితే పాతది వేరు, పనికిరానిది వేరు. ఆ తేడా తెలుసుకోవడమే అసలు చదువు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్ అయితే 8వ తరం లేదా ఆ పైన ప్రాసెసర్, టి.పి.ఎం. 2.0 కావాలంటారు. అందుకే బాగా నడిచే కంప్యూటర్లు కూడా ఎన్నో పక్కన పడుతున్నాయి. వాటిలో లినక్స్ వేసుకోవచ్చు. కెడెన్‌లైవ్, షాట్‌కట్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు అందులో ఉచితంగా పనిచేస్తాయి.

ఇక 4కె అంటే ఎంత బరువో చూడండి. ఫుల్ హెచ్.డి. బొమ్మలో సుమారు 20 లక్షల చుక్కలుంటే, 4కె బొమ్మలో సుమారు 83 లక్షలు. సెకనుకు 30 బొమ్మలంటే దాదాపు 25 కోట్ల చుక్కలు! పైగా చాలా ఫోన్లు హెచ్.ఇ.వి.సి. పద్ధతిలో వీడియోను బాగా కుదించి దాస్తాయి. దాన్ని విప్పే ప్రత్యేక ఏర్పాటు ఇంటెల్ 4వ తరం ప్రాసెసర్లలో లేదు. 6వ తరంలో వచ్చింది, 7వ తరంలో ఇంకా మెరుగైంది. కాబట్టి డబ్బా పైరంగు చూసి కాదు, లోపలి ప్రాసెసర్ తరం చూసి ఎంచుకోవాలి.

ఖర్చు విషయంలో మేము చెప్పే సూత్రం ఒక్కటే. రేపు కొత్త కంప్యూటర్ వచ్చినా అందులోకి వెంట వచ్చే వస్తువు మీదే ముందు డబ్బు పెట్టాలి. మొదటిది ఎస్.ఎస్.డి. పాత హార్డ్‌డిస్క్ సెకనుకు 100, 150 ఎం.బి. చదివితే, మామూలు సాటా ఎస్.ఎస్.డి. 500 దాకా చదువుతుంది. తర్వాత ర్యామ్, కనీసం 16 జి.బి. ఉండాలి. కానీ డి.డి.ఆర్.3 ర్యామ్ కొత్త బోర్డులకు పట్టదు. దాని మీద ఎక్కువ పెడితే బూడిదలో పోసిన పన్నీరే. ఆ తర్వాతే గ్రాఫిక్స్ కార్డు. జి.టి.ఎక్స్. 1650 వంటిది 75 వాట్లతో నడుస్తుంది. కొనేముందు ఎస్.ఎం.పి.ఎస్. సామర్థ్యం, డబ్బాలో చోటు తప్పక చూసుకోవాలి. ఆఫీసుల సన్న డబ్బాల్లో పెద్ద కార్డు పట్టదు.

పైసా ఖర్చులేని ఉపాయం ఇంకొకటి ఉంది. దాని పేరు ప్రాక్సీ. సాఫ్ట్‌వేర్ ప్రతి వీడియోకూ ఒక చిన్న నకలు తయారుచేస్తుంది. కత్తిరింపులన్నీ ఆ నకలు మీద చేస్తాం. చివరి రెండర్ మాత్రం అసలు 4కె మీదే జరుగుతుంది. రాత్రి రెండర్‌కు పెట్టి పడుకుంటే తెల్లవారి చూసుకోవచ్చు. తొందర లేనివాడికి పాత కంప్యూటర్ కూడా పెద్ద కంప్యూటరే.

మన కర్నూలు, కడప ఎండల సంగతి మీకు తెలియనిది కాదు. వేసవిలో 40 డిగ్రీలు దాటిన గదిలో దుమ్ము పట్టిన ఫ్యాను తిరిగితే ప్రాసెసర్ వేడెక్కి, తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. నెలకోసారి బ్రష్‌తో దుమ్ము దులపడం, ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్చడం, యు.పి.ఎస్. పెట్టుకోవడం కార్డు కొన్నంత ముఖ్యం.

ఇంత శ్రమ ఎందుకంటారా? 2009 అక్టోబర్ వరదలో కర్నూలు పట్టణం మునిగినప్పుడు ఎన్నో ఇళ్ళలో పుస్తకాలు, ఫోటోలు, సర్టిఫికెట్లు నీటిపాలయ్యాయి. ఒకే చోట ఉన్నది ఒక్క దెబ్బతో పోతుంది. కాబట్టి ప్రతి వీడియోకు రెండు నకళ్ళుండాలి, ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి. 19వ శతాబ్దంలో కడపలో పనిచేసిన సి.పి. బ్రౌన్ పండితులను నియమించి, తాళపత్రాలకు నకళ్ళు రాయించారు. ఆనాడు ఆ పనికి కలం, కాగితం కావలసి వచ్చాయి. నేడు మనకు కావలసింది ఒక ఎస్.ఎస్.డి., కాస్త ఓపిక.

మన అమ్మానాన్నల కరువు కథలు, వలస కథలు, ఈ హాస్టల్లో తొలితరం చదువుకున్న అన్నల అనుభవాలు ఎవరో వచ్చి రికార్డు చేస్తారని కూర్చుంటే అవి ఎప్పటికీ రికార్డు కావు. పూర్వ విద్యార్థులు బ్యాచికొక విడిభాగం చొప్పున ఇవ్వండి. తమ్ముళ్ళూ, ఏటా ఇద్దరు ఈ పని నేర్చుకుని తర్వాతి ఇద్దరికి నేర్పండి. కంప్యూటర్ పాతదైనా పరవాలేదు, మన కథ మాత్రం మన చేతుల్లోనే ఉండాలి.