బుక్కపట్నం మ్యాప్ గెలవాలంటే రెండో లైను వద్దు

ఓపెన్‌టీటీడీ ఆడుతున్నానని చెబితే మా అవ్వ రెండు చేతులూ జోడించింది. తిరుమల దేవస్థానం వాళ్లే ఏదో కంప్యూటర్లో పెట్టారనుకుంది పాపం.

ఈ టీటీడీ ఆ టీటీడీ కాదు, ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్. క్రిస్ సాయర్ అనే ఆయన 1994లో ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ తెచ్చాడు, మరుసటేడు డీలక్స్ వచ్చింది. దాని పద్ధతిలోనే 2004 నుంచి వాలంటీర్లు ఉచితంగా ఇస్తున్న ఆట ఓపెన్‌టీటీడీ. గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. మా అన్న వాడి పక్కన పడేసిన లాప్‌టాప్‌లో కూడా హాయిగా నడుస్తుంది. మన హాస్టల్లో ఎగ్జామ్స్ ముందు రాత్రి కూడా దీన్ని మూయనివాళ్లు ఎవరెవరో నాకు తెలుసు. పేర్లు రాయను, భయపడకండి.

వాళ్లలో చాలామందికి ఒక గట్టి నమ్మకం ఉంది. అప్పు మొత్తం తీసుకో, మొదటిరోజే డబుల్ లైను వెయ్, రైళ్లు వరసగా వదులు, డబ్బే డబ్బు. సులువైన మ్యాపుల్లో ఇది పని చేస్తుంది, కాదనను. కానీ కష్టమైన మ్యాపులో నిండా ముంచేది ఈ సలహానే అని నా అభిప్రాయం. కష్టమైన చోట గెలిపించేది ఇంకో పట్టా కాదు, రైలు ఎక్కడ ఆగాలో సరిగ్గా తేల్చుకోవడం. రెండుసార్లు దివాళా తీసి నేర్చుకున్న మాట ఇది.

ఆ కష్టమైన మ్యాపు నేను చేసుకున్నదే. మాది బుక్కపట్నం. ఈ ఆటలో నలుపు తెలుపు ఎత్తుల బొమ్మ ఇస్తే దాన్నే నేలగా మార్చుకుంటుంది. తెల్లగా ఉంటే కొండ, నల్లగా ఉంటే పల్లం. హిందూపురం నుంచి పెనుకొండ, బుక్కపట్నం, ధర్మవరం దాకా బొమ్మ తయారుచేసి ఎక్కించాను. సబ్ ట్రాపికల్ వాతావరణం పెట్టి, ఎడిటర్లో బుక్కపట్నం చుట్టూ ఎడారి రంగు పూశాను. మరీ అన్యాయం అంటారేమో. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే ప్రాంతాన్ని ఇంకెలా చూపించమంటారు?

గెలుపు షరతులు కూడా నేనే పెట్టుకున్నాను. ఆట 1950లో మొదలు. 1970 నాటికి అప్పు సున్నా కావాలి, 400 మంది ఉన్న బుక్కపట్నం 5,000 దాటాలి. మొదట చేతిలో లక్ష పౌండ్లు ఉంటాయి. అదంతా అప్పే. మూడు లక్షల దాకా తీసుకోవచ్చు.

ఈ మ్యాపు ఎందుకు కష్టమంటే, మొదటి సంగతి, సబ్ ట్రాపికల్‌లో బొగ్గు ఉండదు. యూట్యూబ్ గురువులందరి మొదటి పాఠం బొగ్గే కదా, అది ఇక్కడ చెల్లదు. రెండోది, ఎడారిలో ఉన్న ఊరు ఊరికే పెరగదు. నీళ్లూ తిండీ రెండూ నెలనెలా చేరాలి. ఒకటి వచ్చి ఒకటి రాకపోతే ఊరు అక్కడే ఆగిపోతుంది. మూడోది పెనుకొండ కొండలు. గూడ్సు బండి ఆ ఎత్తు ఎక్కుతుంటే మనమే దిగి తోయాలనిపిస్తుంది.

మొదటిసారి అందరి మాట విని హిందూపురం నుంచి ధర్మవరానికి డబుల్ లైను మొదలుపెట్టాను. కొండలు తవ్వేసరికి పెనుకొండ దగ్గరే మూడు లక్షలూ అయిపోయాయి. సగం దాకా వచ్చిన డబుల్ లైను మీద ఒకే ఒక్క రైలు. రెండో పట్టా మీద ఎవరూ లేరు, వడ్డీ మాత్రం పరుగెత్తుతోంది. మూడో ఏడు కంపెనీ పోయింది.

రెండోసారి సింగిల్ లైనే వేశాను. దారిలో రెండు లూపులు, ఎనిమిది రైళ్లు. మామూలు బ్లాక్ సిగ్నళ్లు రెండు వైపులకీ పెట్టాను. ఒకరోజు మెస్సుకెళ్లి వచ్చి చూస్తే రైళ్లన్నీ ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. ఒకటి కదలాలంటే ఇంకొకటి వెనక్కి పోవాలి, దాని వెనకే మరొకటి. సంతలో ఇరుక్కున్న ఎడ్లబండ్లలాగా. అలా రెండో కంపెనీ కూడా పోయింది.

అప్పుడు నాకు చిన్నప్పటి ప్యాసింజర్ బండి గుర్తొచ్చింది. మా వైపు అప్పట్లో సింగిల్ లైనే. ప్రతి ప్రయాణంలోనూ ఎక్కడో ఒకచోట బండి ఆగేది. "క్రాసింగ్ రా" అనేవాడు నాయన. ఎదురుబండి దడదడలాడుకుంటూ పోయాక మాది కదిలేది. చిన్న స్టేషన్ల లూపుల్లో ఎంతసేపు కూర్చున్నానో లెక్కలేదు. విసుగొచ్చేదే కానీ, అదే లైను మీద ఎక్స్‌ప్రెస్సులూ గూడ్సులూ అన్నీ నడిచేవి. ఎవరో ఎక్కడ ఆపాలో లెక్కవేసి పెట్టారన్నమాట.

ఆ లెక్క సివిల్ వాళ్లు చదివే ఉంటారు. స్కాట్ ఫార్ములా అంటారు. రోజుకు 1440 నిమిషాలు. రెండు స్టేషన్ల మధ్య ముక్కల్లో ఏది దాటడానికి ఎక్కువ సమయం పడుతుందో దాన్నే చూడాలి. ఆ ముక్కను నెమ్మది బండి దాటే నిమిషాలు, లైన్ క్లియర్ ఇవ్వడానికి పట్టే నిమిషాలు కలిపి 1440ని భాగిస్తాం. అన్నీ అనుకున్నట్టు జరగవు కాబట్టి ఆ వచ్చినదాన్ని 0.7తో గుణిస్తాం. రెండు వైపులా కలిపి రోజుకు ఎన్ని బండ్లు పడతాయో వస్తుంది.

ఒక లైనులో మూడు ముక్కలున్నాయి అనుకోండి. 10, 12, 25 నిమిషాలు. లైన్ క్లియర్‌కు 5. 1440ని 30తో భాగిస్తే 48, దాంట్లో 0.7 వంతు అంటే 33 బండ్లు. ఇప్పుడు ఆ 25 నిమిషాల ముక్క మధ్యలో ఒక్క లూపు వేసి 13, 12గా చీల్చండి. 1440ని 18తో భాగిస్తే 80, దాంట్లో 0.7 వంతు 56. ఒక్క లూపుతో 33 కాస్తా 56 అయింది. అదే లూపును 10 నిమిషాల ముక్కలో వేసి ఉంటే? 33 అలాగే ఉండేది. ఖర్చు అంతే, ఫలితం సున్నా. ఆటలో లైన్ క్లియర్ నిమిషాలు లేకపోయినా నీతి ఇదే.

మూడోసారి ఈ లెక్కతోనే కూర్చున్నాను. పని చేసిన పద్ధతులు ఇవి.

లూపులను సమాన దూరంలో వేయకండి, సమాన సమయంలో వేయండి. చదును నేల మీద ఒక రైలు నెల రోజుల్లో పోయే దూరం పెనుకొండ ఎక్కేటప్పుడు రెండు నెలలు పట్టొచ్చు. ఖాళీ లైను మీద లోడుతో ఒక్క రైలు వదిలి, ఎక్కడ ఎన్ని రోజులు పడుతుందో కాగితం మీద రాసుకోండి. కొండ దగ్గర లూపులు దగ్గరదగ్గరగా, కింద దూరదూరంగా వస్తాయి.

లూపు రైలుకంటే పొడవుండాలి. తోక బయట ఉంటే లూపు వేసినా వేయనట్టే. లూపులో ఒక పట్టా పోయేవాళ్లకి, ఒక పట్టా వచ్చేవాళ్లకి. ప్రతిదాని చివరా వన్ వే పాత్ సిగ్నల్. ముందున్న లూపులో చోటు దొరికితేనే రైలు ఇక్కడ కదులుతుంది. ఎదురెదురు నిలబడే గొడవ దాంతో తీరిపోయింది.

ఫుల్ లోడ్ ఆర్డర్ ఇచ్చిన స్టేషన్‌కు రెండు ప్లాట్‌ఫారాలు తప్పనిసరి. ఎప్పుడూ ఒక రైలు లోడవుతూ ఉంటే స్టేషన్ రేటింగ్ బాగుంటుంది, సరుకు ఎక్కువ వస్తుంది. కానీ ఒకే ప్లాట్‌ఫారం ఉంటే ఆ లోడయ్యే రైలే లైనుకు అడ్డం.

చెట్లు కొట్టేముందు ఆలోచించండి. ఎడాపెడా కొడితే స్థానిక సంస్థ వాళ్లు అలిగి స్టేషన్ కట్టనివ్వరు. కొట్టేసి ఉంటే మళ్లీ నాటండి, కోపం తగ్గుతుంది. ఇది ఆటలోనే ఇంత సులువు.

ఇక అసలు చిక్కు. ఈ ఆటలో డబ్బు ఇచ్చేది పట్టాల పొడవుకు కాదు. రెండు స్టేషన్ల మధ్య అడ్డంగా ఎన్ని గళ్లు, నిలువుగా ఎన్ని గళ్లు, ఆ మొత్తానికే. చుట్టు తిరిగితే పైసా ఎక్కువ రాదు, ఆలస్యానికి కోత మాత్రం పడుతుంది. మన వైపు అసలు రైల్వే చూడండి. పెనుకొండ నుంచి ధర్మవరానికి పాత లైను ఉండగానే, 2000లో తూర్పుకు వంగి పుట్టపర్తి వైపు వచ్చే కొత్త లైను తెరిచారు. ప్రశాంతి నిలయం స్టేషన్ అలా వచ్చిందే. రైల్వే ఛార్జీ పట్టాల కిలోమీటర్ల మీద కాబట్టి అక్కడ ఆ లెక్క వేరు, ఆ ఊరికి వచ్చే జనం లెక్క వేరు. నా ఆటలో 1950లో ఆ వంపు వేస్తే మూడో కంపెనీ కూడా పోయేది.

అందుకని మెయిన్ లైను నేరుగా తీసుకుపోయాను. మా ఊరిని వదిలేశాను.

సెలవులకు ఇంటికెళ్లినప్పుడు అవ్వ పక్కన కూర్చుని చూసింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పేర్లు చదివి చెప్పాను. "మనూరెక్కడరా?" అంది. చూపించాను. "దీంట్లో కూడా మనకి రైలు లేదా?" అంది. నిజంగా కూడా మేము రైలెక్కాలంటే ప్రశాంతి నిలయం స్టేషన్‌కు పోవాల్సిందే. రాత్రి పూట దిగితే ఆటో ఆయన చెప్పిందే రేటు. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. "లాభం రాదవ్వా" అన్నాను. "నీళ్లన్నా పంపించినావా?" అంది.

అవ్వకు ఆట తెలియదు. కానీ ఆ మ్యాపు గెలుపు దారి ఆమే చెప్పింది. బుక్కపట్నానికి ముందు రైలు కాదు, నీళ్లు. ఆటలో చెరువు పక్కనే ఉన్నా ఊరికి చుక్క రాదు. నీటి కేంద్రం నుంచి తెచ్చి ట్యాంకులో పోయాల్సిందే. అవ్వ చూసిన ఎండాకాలాలు కూడా అలాంటివే, అంత పెద్ద చెరువూ నెర్రెలు విచ్చి కనపడిన ఏళ్లు. నాలుగు నీళ్ల ట్యాంకర్ లారీలు, మూడు తిండి లారీలు కొన్నాను. రైల్వే ఆటలో లారీలేంటని నవ్వకండి, పట్టా వేసే ఖర్చులో పదో వంతు కూడా కాలేదు. బస్సులకు ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ ఇచ్చి ఊరి జనాన్ని మెయిన్ లైన్ స్టేషన్‌కు చేర్చాను. ఊళ్లో ఐదు బస్టాపులు పెట్టాను. 50 రోజుల్లో బండి ఆగిన స్టాపులు ఐదు దాకా ఎన్ని ఉంటే ఊరు అంత తొందరగా పెరుగుతుంది, అంతకు మించి పెట్టినా తేడా ఉండదు.

1961కి ఊరు 2,000 దాటింది. అప్పుడు వేశాను బ్రాంచి లైను. అప్పటికి అప్పు సగం తీరింది. 1968లో మొత్తం తీరింది. 1969 చివర్లో జనాభా 5,000 దాటింది. మొత్తం మ్యాపు మీద అప్పటికీ ఒక్క గజం డబుల్ లైను లేదు.

"మరి అసలు రైల్వే ఎందుకు డబ్లింగ్ చేస్తోంది?" అని నా రూమ్మేట్ అడిగాడు. మంచి ప్రశ్నే. రైళ్లు నిండిపోయి ఇక లూపులతో సర్దలేనప్పుడు రెండో లైను వేయాల్సిందే. కానీ గుంతకల్లు నుంచి మన వైపు 1890ల్లో మీటర్ గేజ్ వచ్చింది, 1980ల్లో బ్రాడ్ గేజ్ అయింది. యలహంక, పెనుకొండల మధ్య డబ్లింగ్ జరిగింది ఈ శతాబ్దంలో. అంటే మొదటి రైలు నడిచిన నూరేళ్ల తర్వాత కూడా సింగిల్ లైనే నెట్టుకొచ్చింది. మనం నూరు నిమిషాలు కూడా ఓపిక పట్టం.

కాబట్టి నా మాట ఇది. కష్టమైన మ్యాపు దొరికితే మొదటి గంట పట్టాలు వేయకండి. ఒక్క రైలు వదలండి, ఎక్కడ తడబడుతుందో చూడండి, ఖర్చంతా అక్కడే పెట్టండి. లాభం రాని ఊరిని లైను మీద నుంచి వదిలేయొచ్చు, మ్యాపు మీద నుంచి కాదు. దానికి లారీ పంపండి, బస్సు పంపండి, నిలబడ్డాక పట్టా వేయండి.

నాతో ఒప్పుకోనివాళ్లకు సేవ్ ఫైలు ఇస్తాను. 1950 నుంచి మొదలుపెట్టి డబుల్ లైనుతో గెలిచి చూపించండి, మెస్సులో ఆదివారం నా చికెన్ మీకే. అవ్వకు మాత్రం బ్రాంచి లైను మీద మొదటి రైలు వచ్చినప్పుడు వీడియో కాల్‌లో చూపించాను. కాసేపు చూసి, "ఎవరూ దిగలేదేందిరా?" అంది. ఈ ఆటలో మనుషులు కనపడరవ్వా అని చెప్పాను.