రాత్రి ఆరాధనకు పసిబిడ్డలు



డిసెంబరు 31వ తేది రాత్రి ఆరాధన నడిరేయి దాటువరకు జరుగును. బిడ్డ యేడ్చునను సంకోచముచేత తల్లులు ఇంటనే నిలిచిపోవుచున్నారు. ఏడాది పొడుగునను తెల్లవారకమునుపే రబ్బరుపాలు గీయబోవు తల్లికి ఆ రాత్రియైనను మందిరము దక్కవలదా?

త్రోయలో పౌలు అర్ధరాత్రివరకు ప్రసంగింపగా, కిటికీలో కూర్చున్న ఐతుకు అను యౌవనస్థుడు నిద్రాభారమున మూడవ అంతస్తునుండి పడిపోయెను. పౌలు వానిని గద్దింపలేదు, దిగివచ్చి కౌగిలించుకొనెను, వాడు బ్రదికెను. యౌవనస్థునికే నిద్ర ఆగనప్పుడు పసివారి మాట చెప్పనేల?

కావున ఆనాడు బిడ్డలను మధ్యాహ్నము నిద్రపుచ్చుడి. ప్రొద్దుగుంకకమునుపే అన్నము పెట్టుడి. మలేరియా దోమ రాత్రివేళ కుట్టును గనుక కాలుసేతులు కప్పు బట్టలు తొడుగుడి. చాపయు దుప్పటియు తెచ్చి ద్వారమునొద్ద కూర్చుండుడి. నిదురించు బిడ్డను లేపకుడి. ఏడ్చినయెడల తండ్రియే యెత్తుకొని వెలుపలికి పోవలెను. తల్లిని వాక్యము విననిండు. తక్కినవారలారా, ఏడుపు విని వెనుదిరిగి చూడకుడి.